మనకి చలే లేదుగా, డెఫ్ హీటర్ వైర్లు కోసేస్తే పోదా?

అడిగింది ఇది: భీమవరం నుంచి కలకత్తా తిరిగే చేపల లారీ, బీఎస్-6, 24 వోల్టుల బండి. స్కానర్ డెఫ్ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) లైన్ హీటర్ ఫాల్టు చూపిస్తోంది. కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) దగ్గర కరెంటు రావట్లేదు, రిలే మార్చినా పోలేదు, ట్యాంకు మొత్తం మార్చాలంటున్నారు. మన ఊళ్లో చలి లేదు కాబట్టి హీటర్ వైర్లు కోసేయొచ్చా అని.

కొయ్యకండి. ట్యాంకూ మార్చకండి. లైన్ హీటర్ ఉండేది ట్యాంకులో కాదు, డెఫ్ పారే పైపుకి చుట్టి ఉంటుంది. ట్యాంకు మారిస్తే ఆ ఫాల్టు ఎలా పోతుందండీ? ఇక వైరు కోస్తే, ఇప్పుడు వచ్చిపోయే ఓపెన్ సర్క్యూట్ ఫాల్టు ఇక ఎప్పటికీ నిలిచిపోతుంది. ఈసీఎంకి, అంటే బండి కంప్యూటరుకి, ఊళ్లో చలితో పనిలేదు, సర్క్యూట్ తెగిందా లేదా అన్నదే చూస్తుంది.

అసలు పొరపాటు "కప్లర్ దగ్గర కరెంటు రావట్లేదు" అన్న మాటలోనే ఉంది. డెఫ్ గడ్డకట్టేది మైనస్ 11 డిగ్రీల దగ్గర. 35 డిగ్రీల ఎండలో ఈసీఎం హీటర్ వెయ్యదు, సర్క్యూట్ బాగుందో లేదో తడిమి చూసి వదిలేస్తుంది. కాబట్టి బాగున్న బండిలో కూడా అక్కడ టెస్టు లైటు వెలగదు. స్కానర్లో హీటర్ టెస్టు ఆన్ చేసి, అప్పుడు కొలవాలి. ఇది తెలియక ఈ వైపు ఎన్ని మంచి రిలేలు చెత్తబుట్టలో పడుతున్నాయో.

పనిముట్టు పట్టుకునే ముందు స్కానర్‌లో రెండు చూడండి. మొదటిది ఎస్‌పీఎన్ నంబరు, ఫాల్టు ఏ భాగానిదో చెప్పేది. 4354 నుంచి 4357 దాకా ఉన్నవి ఒకటి నుంచి నాలుగు లైన్ హీటర్లవి. పక్కన ఫాల్టు రకం చెప్పే ఎఫ్‌ఎంఐ 5 ఉంటే తెగింది, 4 ఉంటే ఎర్తుకి తగులుతోంది, 3 ఉంటే ప్లస్‌కి తగులుతోంది. లైన్ హీటర్లన్నీ ఒకేసారి 5 చూపిస్తే పైపుల జోలికి పోకండి, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఫ్యూజు, రిలే, ఎర్తు చూడండి. ఒక్కటే చూపిస్తే ఆ పైపు, దాని కప్లర్. రెండోది ట్యాంకు టెంపరేచర్. ఎండలో మైనస్ 40 చూపిస్తుంటే హీటర్ కాదు, సెన్సార్ వైరు తెగింది.

ఇక చేపల బండ్లలో మళ్లీ మళ్లీ కనబడే కేసు. ఐసు కరిగిన నీళ్లు బాడీ కింద ఛాసీ మీదుగా కారుతూనే ఉంటాయి. నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల లోడైతే అందులో ఉప్పు కూడా. ఆపైన డెఫ్ పైపు జాయింటు కొంచెం చెమర్చినా చాలు, ఆ యూరియా నీళ్లు కప్లర్‌లో దూరి, రాగి పోగుల మధ్యనుంచి ఇన్సులేషన్ లోపల పైకి పాకుతాయి. పైకి తెల్లటి ఉప్పులా కనబడుతుంది, లోపల రాగి పచ్చబడిపోతుంది. మల్టీమీటర్ పెడితే వైరు బాగానే ఉందంటుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు చాలా తక్కువ. ఒక్క పోగు మిగిలినా దానికి సరిపోతుంది.

అందుకని వైరు మీద లోడు పెట్టి, అంటే గట్టిగా కరెంటు లాగించి చూడాలి. వైరు రెండు కొసలూ విప్పి, ఒక వైపు 10 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా బ్యాటరీ ప్లస్, రెండో వైపు 24 వోల్టుల 70 వాట్ల హెడ్‌లైటు బల్బు, బల్బు నుంచి ఎర్తు. దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. బల్బు వెలుగుతుండగా మీటరు వోల్టుల్లో పెట్టి వైరు ఈ కొస నుంచి ఆ కొసకి కొలవండి. అర వోల్టు దాటితే లోపల తుప్పు ఉన్నట్టే. ఒక్క ఓము అడ్డుపడినా అక్కడే దాదాపు 3 వోల్టులు పోతాయి. ఇన్సులేషన్‌లో సూది గుచ్చి చూడకండి. ఆ చిల్లులోంచే రేపు నీళ్లు దిగుతాయి.

తెల్లటి గడ్డని గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. యూరియా నీళ్లలోనే కరుగుతుంది, పెట్రోలుకి లొంగదు. పచ్చబడిన పిన్నుని గరుకు కాగితంతో రుద్దకండి, పైపూత పోయి ఇంకా తొందరగా పాడవుతుంది. పిన్ను మార్చండి. వైరుని మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోసి, క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకునేది) వెయ్యండి. ఊరికే టేపు చుట్టడం పని కాదు.

వైరు బాగుంటే అప్పుడు పైపు. ఓములు ఎంతుండాలో బండి మాన్యువల్లో చూడండి. వాట్లు తెలిస్తే 24ని 24తో గుణించి వాట్లతో భాగించాలి; 60 వాట్లదైతే 9.6 ఓములు. మీటరు తీగల సొంత ఓములు ముందే కొలిచి, వచ్చిన లెక్కలోంచి తీసెయ్యండి. అస్సలు చూపించకపోతే ఆ పైపొక్కటే మార్చాలి. హీటర్ పిన్ను నుంచి ఛాసీకి కూడా కొలవండి, అక్కడ ఏమీ చూపించకూడదు.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. బస్తా యూరియా నీళ్లలో కలిపి ట్యాంకులో పోసేవాళ్లున్నారు. పొలం యూరియాకి 2015 నుంచి మొత్తం వేపపూతే. ఆ నూనె, ఆ మలినాలు ఫిల్టర్నీ ఇంజెక్టర్నీ మూసేస్తాయి, ఆ తర్వాత తప్పు హీటర్ మీదకి తోస్తారు. ట్యాంకులో ఉండాల్సింది 32.5 శాతం శుద్ధమైన యూరియా. దాన్నీ రేకుల షెడ్డులో పెట్టకండి, 35 డిగ్రీల్లో ఆరు నెలలకి మించి నిలవదు.

మన వేడికి నిజంగా భయపడాల్సింది ఇంకొకటి. చాలా పెద్ద లారీల్లో ట్యాంకుని వేడిచేసేది కరెంటు కాదు, ఇంజిన్ కూలెంట్. దాని వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే మండుటెండలో డెఫ్ ఉడికి అమ్మోనియా వాసన కొడుతుంది. ఓ గంట తోలాక ట్యాంకు టెంపరేచర్ బయటి వేడి కంటే బాగా పెరుగుతూ పోతుంటే, ట్యాంకుకి వెళ్లే కూలెంట్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, జాగ్రత్తగా. వాల్వు మూసుకుని ఉండాల్సిన సమయంలో అది కాలుతుంటే వాల్వు మార్చాలి.

పని అయ్యాక కోడు చెరిపి, హీటర్ టెస్టు మళ్లీ వేసి చూడండి. డ్రైవరుకి ఇదొక్కటి చెప్పండి: కీ తీసిన వెంటనే బ్యాటరీ కటాఫ్ తిప్పొద్దు. పైపులో మిగిలిన డెఫ్‌ని పంపు ట్యాంకులోకి వెనక్కి లాగుతుంటుంది. ఆ చప్పుడు ఆగాకే తిప్పాలి, లేకపోతే అది పైపుల్లోనే ఎండి గడ్డకడుతుంది.