వ్యూపోర్టు మీద వ్యూపోర్టు పెడితే గీతలెందుకు కలిసిపోతాయి?

ప్రశ్న: నేను ఒక ఇంజినీరు గారి దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో ఏ1 షీటు మీద ఇంటి ప్లానును 1:100 స్కేలులో పెట్టి, కుడివైపు కింది మూలలో టాయిలెట్ డీటెయిల్‌ను 1:20లో మరో వ్యూపోర్టుగా, అంటే డ్రాయింగులో కొంత భాగాన్ని షీటు మీద చూపే కిటికీగా, పెట్టాను. ప్లానులోని ప్రహరీ గీత, చెట్ల గుర్తులు డీటెయిల్ మీదుగా పోతున్నాయి. డ్రా ఆర్డర్‌లో చిన్నదాన్ని ముందుకు తెచ్చినా ఫలితం లేదు. చిన్నదానిలోకి వెళ్దామని డబుల్ క్లిక్ చేస్తే పెద్దదే తెరుచుకుంటోంది. దారి చెప్పగలరు.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వ్యూపోర్టును షీటు మీద అంటించిన కాగితం ముక్క అనుకోవడం వల్లనే ఈ చిక్కు వచ్చింది. అది గాజు పలక వంటిది. గీతల డ్రాయింగులో ఒక పలక మీద మరొకటి పెడితే రెండింటిలోని గీతలూ కనిపిస్తాయి. అందువల్ల పైనున్నదాన్ని ముందుకు తేవడం కాదు, కిందున్న పెద్ద వ్యూపోర్టును ఆ మేరకు కోయాలి.

మీ డీటెయిల్ మూలలోనే ఉంది కనుక పని తేలిక. 1.5 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు ఉన్న టాయిలెట్ 1:20లో షీటు మీద 75 మి.మీ., 120 మి.మీ. చోటు తీసుకుంటుంది, కొలతలకు, పేరుకు మరికొంత కలుపుకోండి. షీటును అమర్చే పేపర్ స్పేస్‌లోనే ఉండి, పెద్ద వ్యూపోర్టు అంచుల వెంట వెళ్తూ ఆ మూలను మాత్రం వదిలేసేలా ఆరు మూలల క్లోజ్డ్ పాలీలైన్ (మొదలూ చివరా కలిసిన ఒకే గీత) గీయండి. తర్వాత వీపీక్లిప్ కమాండు ఇచ్చి, మొదట వ్యూపోర్టును, ఆ పైన పాలీలైన్‌ను ఎంచుకుంటే ఆ మూలలోని ప్రహరీ, చెట్లు తొలగిపోతాయి. అసలు డ్రాయింగు ఉండే మోడల్‌లో ఒక్క గీత కూడా చెరగదు. డీటెయిల్ ప్లాను నడుమ ఉండి ఉంటే, రెండు దీర్ఘచతురస్రాలను రీజన్లుగా (నిండు ఆకారాలుగా) మార్చి, పెద్దదాని నుంచి చిన్నదాన్ని సబ్‌ట్రాక్ట్ చేసి, నడుమ రంధ్రమున్న ఆ రీజన్‌నే వ్యూపోర్టులు చేసే ఎంవ్యూ కమాండులోని ఆబ్జెక్ట్ ఆప్షన్‌తో వ్యూపోర్టుగా చేసుకోవచ్చు.

అడ్డొచ్చేవి చెట్లు మాత్రమే అయితే కోత కూడా అక్కర్లేదు. పెద్ద వ్యూపోర్టులోకి వెళ్లి, లేయర్ల పట్టికలో చెట్ల లేయరుకు వీపీ ఫ్రీజ్ పెడితే అవి ఆ ఒక్క వ్యూపోర్టులోనే కనిపించకుండా పోతాయి. అయితే ప్లానులో మరెక్కడా కూడా చెట్లు ఉండవు. వైపౌట్‌తో, అంటే కింది గీతలను దాచే ముసుగుతో, కప్పేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు కానీ, కోసి తీసేయగలిగినదాన్ని కప్పి ఉంచడం నాకు నచ్చదు.

డబుల్ క్లిక్ సంగతికి వస్తే, ఏదో ఒక వ్యూపోర్టు లోపలికి వెళ్లాక కంట్రోల్ కీతో ఆర్ నొక్కుతూ పోండి. వ్యూపోర్టులు ఒకదాని తర్వాత ఒకటి యాక్టివ్ అవుతాయి, మీకు కావలసినదాని అంచు మందంగా మారగానే ఆగండి. పొరపాటున పెద్దదానిలో మౌసు చక్రం తిప్పి ఉంటే 1:100 ఈపాటికి 1:97 అయి ఉండవచ్చు. అది కంటికి తెలియదు, సైటులో స్కేలు పెట్టి కొలిచిన మేస్త్రికే తెలుస్తుంది. కాబట్టి స్కేలు మళ్లీ సరిచూసి, ప్రాపర్టీస్‌లో డిస్‌ప్లే లాక్డ్‌ను ఎస్ చేయండి. ఆ తర్వాత చక్రం తిప్పినా షీటు మొత్తం దగ్గరవుతుందే తప్ప స్కేలు మారదు.

చివరగా అంచుల విషయం. ప్రింటులో వ్యూపోర్టు చట్రం కనిపించకూడదని చాలామంది ఆ లేయరును ఫ్రీజ్ చేస్తారు. కోసిన వ్యూపోర్టుకు అది పనికిరాదు: అంచు ఉన్న లేయరు ఫ్రీజ్ అయితే కోత కూడా పనిచేయదు, దాచిన చెట్లన్నీ తిరిగి డీటెయిల్ మీదికి వస్తాయి. లేయరును ఆఫ్ చేస్తే కోత నిలుస్తుంది. నేనైతే ఆఫ్ కూడా చేయను. చట్రాలన్నింటినీ విడిగా ఒక లేయరులో పెట్టి, దానికి నో ప్లాట్ ఇస్తాను, అప్పుడు అంచులు తెరమీద పట్టుకోవడానికి దొరుకుతాయి, కాగితం మీదికి మాత్రం రావు.