పోకర్‌లో ఎనిమిదుల జతతో రీ-రైజ్‌కి కాల్ చేయాలా?

తప్పు ఎనిమిదుల జతలో లేదు, మీ చిప్స్ మాత్రమే చూసుకుని కాల్ చేయడంలో ఉంది. బెంగళూరు మారతహళ్లి పోకర్ రూమ్‌లో శనివారం ఆటలో మీరు 60 పెట్టారు, అవతలి మనిషి దాన్ని 200కి పెంచాడు (అదే రీ-రైజ్), మీ ముందు 4,000 ఉన్నాయి కదా అని ఇంకో 140 వేసి సమానం చేశారు (అదే కాల్), ఫ్లాప్‌లో (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో) రాజు పడగానే ఫోల్డ్, అంటే ముక్కలు వదిలేశారు. ప్రతిసారీ ఇదే అంటున్నారు, మరి ఫ్లాప్‌లో సెట్ (మూడో ఎనిమిది) తగిలేది 8, 9 సార్లకు ఒక్కసారే.

1. ముందు అతని చిప్స్ లెక్కపెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. రీ-రైజ్ పోను అతని దగ్గర 1,100 ఉంటే, సెట్ తగిలినా పాట్ (అప్పటికే మధ్యలో పోగైన చిప్స్) మీద అదనంగా మీరు లాగగలిగేది ఆ 1,100 మాత్రమే. మీరు వేసే 140కి కనీసం 15 రెట్లు, అంటే 2,100 అతని ముందు ఉండాలి, 20 రెట్లుంటే ఇంకా మేలు (సెట్ తగిలిన ప్రతిసారీ అతనేం మొత్తం తోసేయడు).

2. ఫ్లాప్ తర్వాత అతనికంటే ముందు మీరే ఆడాల్సి వస్తే ఫోల్డ్ వైపే మొగ్గండి.

3. ఏ ముక్కలొచ్చినా రీ-రైజ్ కొట్టే రకమైతే లెక్క వేరు, అతని దగ్గర పెద్ద జత లేకపోవచ్చు. 7, 5, 2 లాంటి చిన్నవి పడితే సెట్ లేకున్నా ఒక బెట్‌కి కాల్ చేయొచ్చు.