వైరు చివర మాత్రమే ఎందుకు రాలింది?

ప్రశ్న: మా ఇంటి వైరింగ్ 30 ఏళ్ల నాటిది. మొన్న గీజర్ స్విచ్ బోర్డు విప్పితే వైరు మీది ఇన్సులేషన్ ముట్టుకోగానే పెంకుల్లా రాలిపోయింది. జానెడు లోపల చూస్తే అదే వైరు మెత్తగా ఉంది. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (ఇన్సులేషన్‌ని పరీక్షించే మీటరు) పెట్టి రీడింగ్ బాగానే ఉందన్నాడు. ఒకే వైరు రెండు రకాలుగా ఎలా పాడవుతుంది? ఇల్లంతా మార్చాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ గీజర్ లైను ఎంసీబీ (కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) దించేయండి. బోర్డు బాగయ్యేదాకా మళ్లీ ఎత్తకండి.

వైరు మీది ఇన్సులేషన్ తొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్. అది పుట్టుకతో మెత్తనిది కాదు. నీళ్ల పైపు ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు, అదీ పీవీసీనే. ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలిపితేనే వైరు ఇన్సులేషన్‌కి వంగే గుణం వస్తుంది. వేడి తగిలేకొద్దీ ఆ నూనె కొంచెం కొంచెంగా బయటికి పోతుంది, మిగిలేది పెళుసు. కేబుల్ పరీక్షల ల్యాబ్‌లో ఇది నేను రోజూ చూసిందే. కొత్త పీవీసీ ముక్కను మెషీన్‌లో పెట్టి లాగితే దాని పొడవుకి రెట్టింపు దాటి సాగేది. అలాంటిదే మరో ముక్కను ఓవెన్‌లో బాగా మగ్గబెట్టి లాగితే, సాగకుండా టక్కున తెగేది. మామూలు ఇంటి వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు. ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా మోటు లెక్క.

మీ బోర్డులో వైరు చివరని బిగించే టెర్మినల్ స్క్రూ వదులై ఉంటుందని నా గట్టి అనుమానం. వదులు జాయింటు వేడెక్కుతుంది. ఆ వేడి రాగి వెంట కొంత దూరం పాకి తగ్గిపోతుంది. మీ వైరు అంతవరకే పెళుసెక్కింది.

ఇక మెగ్గర్. అది 500 వోల్టుల దగ్గర ఆ క్షణాన లీకేజీ ఉందా అని చూస్తుంది, పెళుసుతనాన్ని చూడలేదు. ఇన్సులేషన్ పగిలినా పొడిగా, కదలకుండా ఉంటే రీడింగ్ బాగానే వస్తుంది. ఒకసారి నేనూ ఆ రీడింగ్ నమ్మి సరేనన్నాను. వైర్లు తిరిగి బాక్సులోకి మడుస్తుంటే రాగి బయటపడింది. ఆ రోజు నుంచి వైరు వంచి చూడకుండా ఎక్కడా సరే అనలేదు.

ఇల్లంతా ఇప్పుడే మార్చమనను. గీజర్ లైను మాత్రం మొత్తం మార్పించండి. తర్వాత ఏసీ, మోటారు, ఇస్త్రీపెట్టె లాంటి ఎక్కువ లోడు లైన్లు. మెయిన్ ఆపించి ఒక్కో బోర్డూ విప్పించండి. వైరు చివర చిన్న ముక్క కత్తిరించి మేకు చుట్టూ చుట్టించండి. ఇన్సులేషన్ చీలినా, రంగు మాడినా, రాగి మీద ఆకుపచ్చ జిగురు కనిపించినా ఆ లైను మార్చాల్సిందే. ఫాల్స్ సీలింగ్ ఉంటే అక్కడ వైర్లు థర్మకోల్‌ని ఆనుకుని ఉన్నాయేమో కూడా చూడండి. పెద్ద వేడి లేకపోయినా థర్మకోల్ ఆ ప్లాస్టిసైజర్‌ని లాగేసుకుంటుంది. వైరు గట్టిపడుతుంది, థర్మకోల్ కరిగి దానికి అంటుకుంటుంది. చాలామంది పనివాళ్లకి ఈ సంగతి తెలియదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోకండి: కొత్త వైరుని పాత గీజర్ సాకెట్‌కే తగిలిస్తానంటే. వేడికి దాని లోపలి పట్టు సడలిపోయి ఉంటుంది, కొత్త ఇన్సులేషన్‌ని కూడా అలాగే మాడుస్తుంది.