సీ షిఫ్టు దిగాక పగలు నిద్ర పట్టదు.. మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. పైడిభీమవరంలో ఓ మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. ఒక వారం సీ షిఫ్టు, అంటే రాత్రి 10 నుంచి ఉదయం 6. తర్వాతి వారం బీ, అంటే మధ్యాహ్నం షిఫ్టు, ఆపై ఏ, అంటే ఉదయం షిఫ్టు. సీ షిఫ్టు వారంలో పగలు నాలుగు గంటలకు మించి నిద్ర పట్టదు. తెల్లవారుజామున రియాక్టర్ రీడింగు రెండుసార్లు తప్పు రాశాను. మొన్న బండి మీద ఇంటికొస్తూ కునుకు పట్టేసింది. నిద్రమాత్ర వాడొచ్చా?
– ఓ పాఠకుడు, ఎచ్చెర్ల

జవాబు: మాత్ర సంగతి తర్వాత. ముందు సీ షిఫ్టు వారంలో బండి ఆపేయండి. కంపెనీ బస్సో షేర్ ఆటోనో చూసుకోండి. వేరేవాళ్ల బండి వెనక కూర్చున్నా కునుకొస్తే పడిపోతారు. 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానమని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో ఆస్ట్రేలియాలో కొలిచి చూపించారు. మన చట్టం 30 దాటితేనే కేసు పెడుతుంది. మొదటి నైటు రోజు పొద్దున ఏడింటికి లేచి, కునుకు తీయకుండా డ్యూటీకెళ్లి, మర్నాడు ఆరింటికి గేటు దాటితే 23 గంటలు. బ్రీత్ ఎనలైజర్‌కి దొరకని మత్తు అది.

రీడింగు తప్పడం అజాగ్రత్త కాదు. మెదడులో, రెండు కళ్ల నరాలు కలిసేచోటికి పైన, శరీర గడియారం ఉంటుంది. అది నడిపే ఒంటి వేడి తెల్లవారుజామున నాలుగు, ఐదింటి మధ్య బాగా పడిపోతుంది. చురుకుదనమూ అప్పుడే పడిపోతుంది. ఆ వేళలో అంకెను పైకి చదివి రాయండి, పక్కవాళ్లతో సరిచూపించండి. పగలు ఒంటి వేడి మళ్లీ పెరుగుతుంది కాబట్టే మధ్యలో మెలకువ వచ్చేస్తోంది. దీనికి టానిక్కులు దండగ.

ఈ గడియారం రోజుకు సుమారు గంట మాత్రమే జరుగుతుంది. అది రాత్రి డ్యూటీకి అలవాటుపడేలోపే మీకు షిఫ్టు మారిపోతుంది. కాబట్టి దాన్ని తిప్పాలని చూడకండి, నిద్ర గంటలు దక్కించుకోండి. ఉదయం 7.30 నుంచి 12.30 వరకు, మళ్లీ సాయంత్రం 4 నుంచి 5.30 వరకు పడుకోండి. సాయంత్రం ఏడు దాటాక పడుకుంటే దొర్లడమే, ఆ వేళ గడియారమే మెలకువను పెంచుతుంది. మొదటి నైటుకు ముందు మధ్యాహ్నం గంటన్నర కునుకు తప్పనిసరి.

ఇంకో చిక్కు ఎండ. మీరొచ్చే హైవే ఈశాన్యం వైపు సాగుతుంది కదా, ఆరున్నర ఎండ దాదాపు ఎదురుగానే కళ్లలో పడుతుంది. కంటి వెనక పొరలో వెలుతురును కొలిచే కణాలు గడియారానికి ‘తెల్లారింది’ అని కబురు పంపుతాయి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఆగిపోతుంది. బస్సులో నల్లద్దాలు పెట్టుకోండి. చోడి అంబలో రెండు ఇడ్లీలో తిని పడుకోండి, కడుపునిండా వద్దు. కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టి అంచులకు టేపు వేయండి. ముఖం ముందు చెయ్యి పెడితే వేళ్లు లెక్కపెట్టలేనంత చీకటి కావాలి. రేకుల గది అయితే పదకొండుకే ఉడికిపోతుంది, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది మీకిమ్మని అడగండి.

తెల్లవారుజామున నాలుగింటి టీ మానండి. కెఫీన్‌లో సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆఖరి కప్పు రెండింటికి తాగి, విరామం ఉంటే వెంటనే 20 నిమిషాలు కునుకు తీయండి. లేచేసరికి కెఫీన్ పని మొదలెడుతుంది. లేచిన వెంటనే వాల్వు ముట్టుకోకండి, పది పదిహేను నిమిషాలు మబ్బుగా ఉంటుంది.

నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. వాటి మత్తు రాత్రి డ్యూటీ దాకా మిగలొచ్చు, అలవాటూ అవుతుంది. ఒక పెగ్గు వేస్తే నిద్ర త్వరగా పడుతుంది గానీ రెండో సగం ముక్కలైపోతుంది. నిద్ర చాలక తలనొప్పని రోజూ నొప్పి మాత్రలు మింగకండి. ఉద్దానం ఉన్న జిల్లా వాళ్లకు కిడ్నీల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

మీ షిఫ్టులు సీ, బీ, ఏ అని వెనక్కి తిరుగుతున్నాయి. మనిషి గడియారం సగటున 24 గంటల కన్నా పది, పన్నెండు నిమిషాలు ఎక్కువ. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, త్వరగా పడుకోవడం కష్టం. ఏ, బీ, సీ వరసలో వేయమని నలుగురూ కలిసి సూపర్‌వైజర్‌ని అడగండి.

సెలవు రోజుల్లోనూ పగలు తూగుతున్నా, గురకలో ఊపిరి ఆగినట్టుందని ఇంట్లోవాళ్లు చెప్పినా, అది షిఫ్టు సమస్య ఒక్కటే కాకపోవచ్చు. రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ రాసిపెట్టి ఆ కాగితంతో ఛాతీ వైద్యుణ్ని కలవండి. ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయిస్తారు.