20 మంది, 4 పాత కంప్యూటర్లు, ఒక ఆదివారం: ఏం చేయించాలి?

1980ల నాటి కంప్యూటర్లు, అంటే బీబీసీ మైక్రోలు రెండు, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె ఒకటి, కమోడోర్ 64 ఒకటి ఉన్నాయి, వచ్చినవాళ్లు చుట్టూ నిలబడి చూసి వెళ్లిపోకుండా ఏం పెట్టాలని అడిగారు. ప్రసంగాలు తగ్గించి, పది లైన్ల బేసిక్ పోటీ, అంటే బేసిక్ అనే భాషలో పది లైన్లలో ప్రోగ్రాం రాసే పోటీ, పెట్టండి. ఈ మెషీన్ల గొప్పతనం కీబోర్డు మీద చేయి పడితేనే తెలుస్తుంది.

ఇద్దరికో జట్టు: ఒకరు చెప్పాలి, ఒకరు కొట్టాలి. కమోడోర్‌ను జాయ్‌స్టిక్ ఆటలకు వదిలేసి మిగతా మూడింటి మీద జట్టుకు 40 నిమిషాలిస్తే నాలుగు విడతలు, జట్లు మారే సమయంతో కలిపి మూడు గంటలు. స్పెక్ట్రమ్‌లో పి నొక్కగానే ప్రింట్ అన్న మాట మొత్తం పడుతుంది, కొత్తవాళ్లు అక్కడే తికమకపడతారు. కీబోర్డు బొమ్మ పెద్దగా ప్రింట్ తీసి గోడకు అంటించండి. రన్ కొట్టే ముందే టేపు మీద సేవ్ చేయించండి. ఒక్క తప్పు పోక్ (మెమరీలోకి నేరుగా అంకె రాసే ఆజ్ఞ) చాలు, రాసిందంతా పోతుంది. సేవ్ చేసేటప్పుడు స్పెక్ట్రమ్ ఇయర్ వైరు (టేపు నుంచి లోడ్ చేసుకునే వైరు) తీసేయాలి, లేదంటే సిగ్నల్ తిరిగొచ్చి రికార్డింగ్ పాడవుతుంది. తర్వాత ఆ వైరు మళ్లీ పెట్టి, సరిగ్గా పడిందో లేదో వెరిఫై చేయండి.

టేపు లోడింగ్ చూపించడం రెండో కార్యక్రమం. 48కె ప్రోగ్రాముకు దాదాపు 5 నిమిషాలు పడుతుంది. ఆ గీతలు, ఆ చప్పుడు ఏమిటో చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. టేపుకు బదులు ఆ చప్పుడును ఫోన్ నుంచి వినిపించి లోడ్ చేస్తే ఎంపీ3 కాదు, వేవ్ ఫైలు వాడండి. వాల్యూమ్ దాదాపు పూర్తిగా, ఈక్వలైజర్ ఆఫ్, ఫ్లైట్ మోడ్ ఆన్. మధ్యలో ఒక్క మెసేజ్ మోగినా టేప్ లోడింగ్ ఎర్రర్ వస్తుంది.

కొన్ని ఎల్‌ఈడీ టీవీలు ఈ మెషీన్ల సిగ్నల్‌ను పట్టుకోలేక సిగ్నల్ లేదంటాయి. అందుకని ఒక పాత సీఆర్‌టీ (లావుపాటి గాజు గొట్టం టీవీ) తప్పనిసరి. బీబీసీ వీడియో సాకెట్ నుంచి మామూలుగా నలుపు తెలుపు బొమ్మే వస్తుంది, రంగులు కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే ఆర్‌జీబీ కేబుల్ కావాలి.

కరెంటు విషయంలో మాత్రం రాజీ వద్దు. కమోడోర్ పాత అడాప్టరు చెడితే 5 వోల్టుల లైను పైకెక్కి మెమరీ చిప్‌లను కాల్చేస్తుంది, మల్టీమీటర్‌లో 5.2 దాటితే తగిలించకండి. స్పెక్ట్రమ్‌కు 9 వోల్టులు, పిన్ను లోపలి భాగం నెగటివ్. ఇప్పటి అడాప్టర్లు చాలావరకు దీనికి వ్యతిరేకం. బీబీసీ పవర్ సప్లైలోని పాత రీఫా కంపెనీ కెపాసిటర్లు బీటలు వారి తేమ పీల్చి పొగ చిమ్ముతాయి. ముందే మెయిన్స్ కరెంటుకు తగిన కొత్త ఎక్స్2 రకంతో మార్పించండి. సీఆర్‌టీలన్నీ ఒకేసారి ఆన్ చేయకండి, తెరకు పట్టిన అయస్కాంత ప్రభావాన్ని తొలగించే డీగాస్ కాయిల్ మొదట్లో చాలా కరెంటు లాగుతుంది.

మన దగ్గర బీబీసీ మైక్రో చాలామందికి బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టుతో బడిలోనే పరిచయం. అప్పటి కంప్యూటర్ టీచర్లు దొరికితే తప్పకుండా పిలవండి, మైకు ఇవ్వడం కంటే ఒక బీబీసీ ముందు కూర్చోబెట్టి పక్కన రెండు కుర్చీలు వేయండి. క్యాసెట్లు తెచ్చేవాళ్లకు ముందే చెప్పండి: అయస్కాంతం వల్ల టేపు చెడకుండా స్పీకర్లకు, సీఆర్‌టీలకు దూరంగా వేరే బల్ల ఉంటుందని.