సాయంత్రమైతే అమ్మ ‘మా ఇంటికి పోతా’ అంటుంటే

అల్జీమర్స్ (జ్ఞాపకశక్తిని మెల్లగా తినేసే మెదడు జబ్బు) ఉన్న మీ అమ్మ, పదేళ్లుగా ఉంటున్న ఇంట్లోనే సాయంత్రమైతే ‘మా ఇంటికి పోతా’ అంటోందని, ‘ఇదే మన ఇల్లు’ అంటే గొడవవుతోందని రాశారు. అది మొండితనం కాదండీ. అల్జీమర్స్‌లో కొత్త జ్ఞాపకాలు ముందు చెరిగిపోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే పదేళ్లుగా ఉంటున్న ఇల్లే ఆవిడకు పరాయిదిగా కనిపిస్తుంది. పొద్దు వాలేసరికి అలసట, మసక వెలుతురు తోడై కంగారు పెరుగుతుంది.

1. ‘ఇదే మన ఇల్లు’ అని రుజువు చేయడం ఆపండి. మీరు రాసినదాన్ని బట్టి గొడవ మొదలయ్యేది అక్కడే.

2. అందరూ వదిలేసే మెట్టు ఇది: మాటకు కాదు, ఆ మాట వెనక ఉన్న భయానికి జవాబివ్వండి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి. ‘ఇల్లు గుర్తొస్తోందా అమ్మా? అక్కడ ఎవరెవరు ఉండేవాళ్లు?’ అని అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో సరిదిద్దకండి. మీరన్న మాట కాసేపటికి మర్చిపోవచ్చు కానీ మీరు కసిరిన బాధ, దగ్గరకు తీసుకున్న ఊరట ఆవిడలో ఇంకా మిగిలే ఉంటాయి. మా అమ్మతో నాకిది అర్థమవడానికి చాలా నెలలు పట్టింది.

3. కాస్త కుదుటపడ్డాక బట్టలు మడతపెట్టడం లాంటి చిన్న పని కలిసి చేయండి.

4. చీకటి పడకముందే లైట్లు వేయండి. నీడలు కూడా భయపెడతాయి.

5. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా ఇలా పెరిగితే మాత్రం ఆగకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు.