సర్పి మానింది, మంట మానలేదు

పోయిన సంచికలో సర్పి గురించి ఏదో మాటల సందర్భంలో నాలుగు ముక్కలు రాసినా, అంతే, ఈ నెల ఉత్తరాలు వాట్సాప్‌లు అన్నీ దాని మీదే. మనం సర్పి అంటాం, ఆదోని రాయదుర్గం పక్క కన్నడం కలిసిన ఊళ్ళలో సర్పసుత్తు అంటారు, డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అని రాస్తారు, ఇంగ్లీషు పేపర్లలో షింగిల్స్. అన్నీ ఒకటే, ఒంటికి ఒక పక్కే మంటతో లేచే నీటి పొక్కులు. అన్ని ఉత్తరాలకీ జవాబు ఇయ్యలేను కానీ ఐదు తీసుకున్నా.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తమ్మకు 68 ఏళ్ళు. సంక్రాంతి అప్పుడు ఎడమ పక్క రొమ్ము కింద నుంచి వీపు దాకా సర్పి లేచింది. ఊళ్ళో ఒకాయనతో మంత్రం వేయించి ఎర్రమన్ను పూయించినాం, పన్నెండు రోజులకు పొక్కులు ఎండిపోయినాయి. మంట మాత్రం ఏడు నెలలైనా పోలేదు. జాకెట్టు గుడ్డ తగిలితే అరుస్తాంది, రాత్రి ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేకపోతాంది. పైకి ఏమీ లేదు కదా, ఊరికే పెద్దది చేసి చెప్తాంది అంటారు మా ఇంట్లోవాళ్ళు. స్కానింగులో కూడా ఏమీ రాలేదు. ఇది నిజంగా నొప్పేనా?
– ఒక కోడలు, ప్రొద్దుటూరు

జవాబు: నిజమేనమ్మా, నూటికి నూరుపాళ్ళూ నిజం. మీరు అడిగినందుకు ముందు మీకు దండం, ఎందుకంటే ఈ జబ్బులో మనిషిని సగం చంపేది మంట అయితే మిగతా సగం ఇంట్లోవాళ్ళు నమ్మకపోవడం.

సర్పి అంటే అందరూ చర్మం జబ్బు అనుకుంటారు, కాదు, అది నరం జబ్బు. పొక్కులు బయటికి కనపడే గుర్తు మాత్రమే. వెన్నుపూస పక్కన ఒక్కో నరానికి మొదట్లో ఒక గడ్డలాంటి ముడి ఉంటుంది, వైరస్ అక్కడ లేచి ఆ నరం వెంబడే చర్మం దాకా వస్తుంది, వచ్చే దారిలో నరాన్ని కొరుక్కుంటూ వస్తుంది. మన చేన్లలో బోరు మోటరు వైరును ఎలక కొరికితే ఏమవుతుంది, కరెంటు పోకూడని చోటికి పోతుంది కదా, అట్లాగే నరం పై తొడుగు పాడైనాక అది తనంతట తానే సిగ్నల్ పంపిస్తా ఉంటుంది. గుడ్డ తగిలిందని చర్మం చెప్తే మెదడుకు నిప్పు తగిలినట్టు వినపడుతుంది. స్కానింగులో ఇదేమీ కనపడదు, కనపడలేదని నొప్పి లేనట్టు కాదు.

పొక్కులు లేచిన 90 రోజుల తర్వాత కూడా నొప్పి ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. సర్పి వచ్చినవాళ్ళలో సుమారు 10 నుంచి 18 శాతం మందికి ఇది మిగులుతుంది, వయసు పెరిగే కొద్దీ ఎక్కువ. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు.

మామూలు నొప్పి బిళ్ళలు దీనికి పెద్దగా పనిచెయ్యవు, మీరు ఇప్పటికే పట్టీలు పట్టీలు వేసి ఉంటారు, ఆపండి, కిడ్నీలు పోతాయి. దీనికి గాబాపెంటిన్, ప్రెగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరాల మందులు ఉంటాయి, కొద్ది డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. పెద్దవాళ్ళకి వీటితో మత్తు, తూలడం ఉంటాయి, రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు పక్కన ఒకరు ఉండాల. నొప్పి ఉన్న చోట అతికించే లిడొకైన్ ప్యాచ్‌లు ఉన్నాయి. ఇంకోటి మన మిరపకాయలో ఘాటు ఉంది చూడండి, క్యాప్సైసిన్, దాంతో క్రీములు, ప్యాచ్‌లు చేస్తారు, 8 శాతం ప్యాచ్ అయితే ఆస్పత్రిలోనే వేస్తారు. ఆ ఘాటుకు నరం చివర్లు కొంతకాలం మొద్దుబారతాయి. ఇది చదివి ఇంట్లో కారప్పొడి నూనెలో కలిపి పూసేరు, వద్దు తల్లీ, మన జిల్లాలో అట్లాంటి వీరులు ఉన్నారని నాకు తెలుసు.

ఎర్రమన్ను గురించి అడగలేదు గానీ చెప్తా. చల్లగా ఉంటుంది, అందుకే హాయి అనిపిస్తుంది, పొక్కులు ఎట్లాగూ రెండు మూడు వారాల్లో వాటంతట అవే ఎండిపోతాయి, పేరు మంత్రానికి వస్తుంది. పోయింది ఏందంటే టైము. వైరస్ మందు అసైక్లోవిర్ అయితే రోజుకు 5 సార్లు, వాలాసైక్లోవిర్ అయితే 3 సార్లు, 7 రోజులు, పొక్కులు లేచిన 72 గంటల్లోపే మొదలుపెడితే ఎక్కువ ఫలితం. కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాల, లేకపోతే ఆ మందే మెదడు మీద పనిచేసి మనిషి ఏదేదో మాట్లాడతాడు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. అప్పుడే వేసి ఉంటే మా అత్తమ్మకు ఈ మంట ఉండేది కాదేమో అని మీరు కుమిలిపోవద్దు. ఆ మందు పొక్కుల తీవ్రత తగ్గిస్తుంది, తర్వాత మిగిలే నొప్పిని మాత్రం గ్యారంటీగా ఆపుతుందని ట్రయల్స్ తేల్చలేదు.

ప్రశ్న: మా ఇంట్లో, మా వీధిలో ఎవరికీ సర్పి లేదు, నాకు యాడ నుంచి అంటుకుంది సార్? కుడిపక్క నడుము చుట్టూ సగం దాకా వచ్చింది. పాములాగా ఒంటిని చుట్టుకుని తల తోక కలిస్తే మనిషి బతకడు అంటున్నారు, నిద్ర పట్టడం లేదు.
– గుంతకల్లు నుంచి, 45 ఏళ్ళు

జవాబు: నిద్రపోండన్నా. కలవదు. ఎందుకు కలవదంటే ఒక్కో నరం వెన్నుపూస నుంచి బయల్దేరి ఒంట్లో ఒక పక్కే పంచుకుంటుంది, ఎడమది ఎడమకే, కుడిది కుడికే, అందుకే సర్పి నడిమధ్య గీత దగ్గర ఆగిపోతుంది. రెండు పక్కలా వచ్చినా, ఒళ్ళంతా చెదురుగా లేచినా అది పాము కథ కాదు, ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిందని అర్థం, అప్పుడు వెంటనే ఆస్పత్రికి పోవాల.

యాడ నుంచి వచ్చింది అంటే, మీ లోపల నుంచే. చిన్నప్పుడు అమ్మోరు పోసి వేపాకుల మీద పడుకోబెట్టినారు కదా, ఆ ఆటలమ్మ వైరస్సే ఇది. అమ్మోరు దిగినాక అది ఒంట్లోంచి పోలేదు, నరాల ముడుల్లో దాక్కుని పడుకుంది. వయసు, షుగరు, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు, ఇట్లా ఏదో ఒక కారణంతో కాపలా సడలితే లేస్తుంది.

ఈ సంగతి కనిపెట్టిన కథ నాకు చాలా ఇష్టం. సర్పి ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి ఆటలమ్మ వస్తోందని బుడాపెస్ట్‌లో బోకై అనే పిల్లల డాక్టరు 1800ల చివర్లోనే గమనించినాడు. 1900లో హెడ్, క్యాంప్‌బెల్ అని ఇద్దరు సర్పి వచ్చి వేరే కారణాలతో చనిపోయినవాళ్ళ నరాల ముడులు కోసి చూసి, ఏ నరం చర్మంలో ఏ పట్టీకి పోతుందో మ్యాప్ గీసినారు. కానీ ఆటలమ్మ వైరస్సే నిద్రపోయి లేస్తుంది అనే మాటను గట్టిగా నిలబెట్టింది హోప్ సింప్సన్, ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న టౌన్లో ప్రాక్టీసు చేసుకునే మామూలు ఫ్యామిలీ డాక్టరు. తన దగ్గరికి వచ్చే 3500 మందిలో 16 ఏళ్ళపాటు సర్పి కేసులు రాసుకుంటా పోయినాడు, 192 కేసులు, 1965లో పేపరు వేసినాడు. మన బనగానపల్లెలోనో జమ్మలమడుగులోనో ఓపీ చూసే డాక్టర్లు ఒక నోటుబుక్కు పెట్టుకుంటే ఎంత బాగుండు అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది, సరే అది వేరే గొడవ.

ప్రశ్న: మా చిన్నాయనకు చెవి నొప్పి వచ్చిన మూడో రోజు మూతి వంకర పోయింది, కన్ను మూతపడటం లేదు. బస్సులో కిటికీ గాలి కొట్టింది అన్నారు. పక్షవాతానికి ఆకుపసరు ఇచ్చే ఊరికి తీసుకుపోదాం అని బండి మాట్లాడినారు. చెవి లోపల చిన్న పొక్కులు ఉన్నాయి, చెప్పాలా వద్దా అని అనుమానం.
– ఆదోని

జవాబు: అసలు విషయం చివర్లో చెప్పినారు చూడండి! ఆ చెవి పొక్కులే జవాబు. బండి ఆపి ఈరోజే చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో పోండి. ముఖాన్ని కదిపే నరం ముడిలో వైరస్ లేస్తే ఇట్లా అవుతుంది, 1907లో రామ్సే హంట్ అనే న్యూరాలజిస్టు వివరించినాడు కాబట్టి ఆయన పేరే పెట్టినారు. 2022లో పాప్ సింగర్ జస్టిన్ బీబర్ సగం ముఖం కదలక వీడియో పెట్టినాడే, అదే ఇది. వైరస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా ఇస్తారు, లేటయ్యే కొద్దీ ముఖం పూర్తిగా వెనక్కి వచ్చే అవకాశం తగ్గుతుంది, వినికిడి కూడా దెబ్బ తినొచ్చు. కన్ను మూతపడదు కాబట్టి చుక్కల మందు వేస్తా, రాత్రి ప్లాస్టర్ వేసి మూసి ఉంచండి, ఎండిపోతే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది.

ఇదే సందర్భంలో, నుదుటి మీద సర్పి లేచి ముక్కు కొన మీద కూడా ఒక్క పొక్కు వచ్చినా కంటి డాక్టరు దగ్గరికి అదే రోజు పోవాల, ముక్కు కొనకూ కంటికీ పోయే నరం ఒకటే. ముఖం మీద సర్పి వచ్చినవాళ్ళకు తర్వాతి వారాల్లో, నెలల్లో బ్రెయిన్ స్ట్రోక్ ముప్పు కూడా మామూలు కంటే ఎక్కువ, ఎందుకంటే అదే నరం పోగులు మెదడు రక్తనాళాల దాకా పోతాయి, వైరస్ వాటి వెంబడి పాకి రక్తనాళం గోడనే వాపు చేస్తుంది. కొందరికి అసలు పొక్కులే లేకుండా ఇది జరుగుతుంది, అప్పుడు నడుములో సూది పెట్టి వెన్నునీరు తీసి వైరస్ మీద యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తే తప్ప దొరకదు. సర్పి వచ్చిన మనిషి తికమకగా మాట్లాడినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, కాళ్ళు పట్టు తప్పినా, ఒంటికి పోవడం ఆగిపోయినా ఆలోచించొద్దు, వెంటనే ఆస్పత్రికి పోండి.

ప్రశ్న: సర్పి టీకా వేసుకుంటే మతిమరుపు జబ్బు రాదని మా రిటైర్డ్ టీచర్ల గ్రూపులో మెసేజీ తిరుగుతోంది. నాకు 71. నిజమా, బిజినెస్సా?
– కర్నూలు

జవాబు: మాస్టారూ, మెసేజీ అతిశయోక్తి, దాని వెనక ఉన్న పరిశోధన మాత్రం అసలైనదే, భలే తెలివైనది కూడా. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 సెప్టెంబరు 1న సర్పి టీకా ఉచితంగా మొదలుపెట్టినప్పుడు ఒక రూలు పెట్టినారు, 1933 సెప్టెంబరు 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళకే అర్హత, అంతకు ముందు పుట్టినవాళ్ళకు జన్మలో లేదు. అంటే ఒక వారం తేడాతో పుట్టిన మనుషులు, అదే ఊరు అదే తిండి అదే చదువు, ఒక పక్క దాదాపు ఎవరికీ టీకా లేదు, ఇంకో పక్క 47 శాతం మంది వేసుకున్నారు. గవర్నమెంటు రూలే లాటరీ తీసినట్టు అయ్యింది. ఏడేళ్ళ రికార్డులు చూస్తే టీకా వేసుకున్నవాళ్ళలో డిమెన్షియా, అంటే మీరు అడిగిన మతిమరుపు జబ్బు, సుమారు 20 శాతం తక్కువ, ఆడవాళ్ళలో ఈ లాభం ఇంకా ఎక్కువ. 2025లో నేచర్ పత్రికలో వచ్చింది.

20 శాతం తక్కువ అంటే రాదు అని కాదు కదా, లెక్కల మాస్టారికి నేను చెప్పాలా. పైగా అది పాత టీకా, బతికున్న వైరస్‌ను బలహీనం చేసి చేసింది. మన దేశంలో 2023 నుంచి దొరుకుతున్నది షింగ్రిక్స్, వేరే రకం, దాంట్లో బతికున్న వైరస్ ఉండదు. పాతదాంతో పోలిస్తే ఇది వేసుకున్నవాళ్ళలో డిమెన్షియా ఇంకా ఆలస్యమైందని 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పేపరు ఒకటి ఉంది. వైరస్ మాటిమాటికీ లేవకుండా ఆపడం వల్లా, టీకా మొత్తం రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపడం వల్లా అనేది ఇంకా తేలలేదు.

నా మాట ఏమిటంటే మతిమరుపు కోసం కాదు, సర్పి కోసం వేసుకోండి. 50 దాటినవాళ్ళ మీద చేసిన పెద్ద ట్రయల్లో ఇది 97 శాతం ఆపింది, 70 దాటినవాళ్ళలో కూడా 90 దగ్గర. రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలలు. ఒకట్రెండు రోజులు చెయ్యి నొప్పి, జ్వరం ఉంటాయి. డోసు ధర వేలల్లో ఉంటుంది, అది మాత్రం పింఛను మనిషికి బరువే, నేను కాదనను. పైన ప్రొద్దుటూరు కోడలమ్మకి కూడా, మీ అత్తమ్మ వేసుకోవచ్చు, మళ్ళీ రాకుండా పనికొస్తుంది, ఇప్పుడున్న మంటకి మాత్రం అది మందు కాదు.

ప్రశ్న: నాకు ఏడో నెల. పుట్టింటికి రమ్మంటున్నారు, అక్కడ మా నాయనకు నాలుగు రోజుల నుంచి సర్పి. పోవచ్చా?
– అనంతపురం

జవాబు: చిన్నప్పుడు నీకు అమ్మోరు పోసిందా అని మీ అమ్మను అడుగు. పోసి ఉంటే భయం లేదు. పోయలేదు, ఆటలమ్మ టీకా కూడా లేదు అంటే ఇప్పుడు పోవద్దు, పొక్కుల నీటి నుంచి నీకు ఆటలమ్మ రావొచ్చు, కడుపుతో ఉన్నప్పుడు అది మంచిది కాదు. తెలియకపోతే ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇప్పటికే పోయి వచ్చి ఉంటే ఆలస్యం చెయ్యకుండా మీ డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకానే ఈ అంటు, మామూలుగా 7 నుంచి 10 రోజులు, అంటే ఇంకో వారం. అప్పటిదాకా నాయన్ని వీడియో కాల్‌లో చూడు, ఆయన మందు మొదలుపెట్టినాడో లేదో కూడా అందులోనే అడుగు.